సంచిలో మ్యాష్, గ్లాసులో రెండు శాతం

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం సాయంత్రం, పొయ్యి మీద గుండిగ ఉండగానే చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని అలాగే ఉంచాం.)

నమస్కారమండీ. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఆవిరి కొడుతుందని భయపడకండి, ఫ్యాన్ అటు తిప్పించాం.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, చివర్లో చెబితే ఎవరూ వినరు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేస్తే నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం లెక్కలో ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదైనా మద్యమే, రెండు శాతమా ఎనిమిది శాతమా అని అది అడగదు, అమ్మట్లేదండీ నాకోసమే చేసుకున్నానండీ అన్నా ఊరుకోదు. అందుకే ఈ బల్ల మీద, చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ లేదు, కావాలంటే వెతుక్కోండి. (నవ్వులు) ఇవాళ ఇక్కడ బార్లీ గింజ నానుతుంది, దాని రసం మరుగుతుంది, చేదు, వాసన ఇచ్చే హాప్స్ పువ్వులు పడతాయి, అక్కడితో సరి. ఆ తర్వాతి భాగం నేను మెల్‌బోర్న్‌లో ఉన్నప్పుడు చేసింది నోటిమాటగా చెబుతాను. అక్కడ సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చు, బట్టీ పెట్టి సారా దించితే మాత్రం అక్కడా కేసే. బ్రిటన్‌లో 1963 నుంచి ఇంటి బీరుకి లైసెన్సు అక్కర్లేదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ ఇంటి బీరుని ఒప్పుకునే చట్టం మీద సంతకం పెట్టినా, రాష్ట్రాలన్నీ ఒప్పుకునేసరికి 2013 వచ్చింది, మిసిసిపీ, అలబామా ఆఖర్న దిగొచ్చాయి. మన సంగతి తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1995లో మొత్తానికే మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి సడలిపోయింది. ఆ చరిత్ర తెలిసినవాణ్ణే కాబట్టి తాగమని చెప్పడానికి రాలేదు, తక్కువ ఆల్కహాల్‌తో బీరు ఎలా అవుతుంది, ఎందుకు అంత కష్టం, ఇదే నా విషయం.

ఎవరికి కావాలండీ రెండు శాతం బీరు, అని మా బావమరిది అడుగుతాడు. మన దేశంలో బీరంటే స్ట్రాంగే ఎక్కువ పోతుంది, ఏడెనిమిది శాతం, చల్లగా ఉంటే చాలు, రుచి ఎవరికీ పట్టదు. నాకు మెల్‌బోర్న్‌లో అవసరం వేరేలా వచ్చింది. ఆస్ట్రేలియాలో రోడ్డు మీద ఎప్పుడైనా ఆపి ఊదమంటారు, అక్కడ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు, మన దగ్గరైతే ఇంకా తక్కువ, 30. రాత్రి బీచ్ రోడ్డులో పోలీసులు ఊదించే మిషన్ చూసే లెక్క అదే. వాళ్ల దగ్గర రెండున్నర, మూడున్నర శాతం బీర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి, తక్కువ శాతానికి పన్ను కూడా తక్కువ. శనివారం మధ్యాహ్నం పెరట్లో కూర్చుని రెండు గ్లాసులు తాగి సాయంత్రం పిల్లల్ని ఈతకి తీసుకెళ్లాలంటే స్ట్రాంగ్ పనికిరాదు కదా. అలాగని రెండు గ్లాసులు తాగినా డ్రైవింగ్ సేఫ్ అని నా మాట పట్టుకుని బండి తీయకండి, మనిషి బరువుని బట్టి, తిన్న తిండిని బట్టి మారుతుంది.

కంపెనీలు ఆల్కహాల్ లేని బీరు ఎలా చేస్తాయంటే, చాలావరకు ముందు మామూలు బీరు చేసి తర్వాత ఆల్కహాల్ లాగేస్తాయి. గాలి ఒత్తిడి తగ్గించి తక్కువ వేడికే ఆవిరి చేయడం ఒక దారి, మన ఇంటి ఆర్‌ఓ లాంటి పొరల్లోంచి నెట్టడం ఇంకోటి. ఇంట్లో గిన్నెలో పెట్టి మరిగిస్తే ఆల్కహాల్ కొంత పోతుంది, దాంతోపాటు వాసనంతా పోతుంది, మిగిలేది ఉడికిన అట్టపెట్టె. కాబట్టి ఇంట్లో చేసేవాడికి ఉన్న దారి ఒక్కటే, ఆల్కహాల్ మొదట్నుంచీ తక్కువగానే పుట్టేట్టు చూడటం. అది ఈస్ట్ దగ్గర మొదలవదు, ఇదిగో ఈ గుండిగలో మొదలవుతుంది.

మామూలు పద్ధతికి మూడు పాత్రలు కావాలి. ఒకదాన్లో నీళ్లు కాగుతాయి, రెండోదాన్లో గింజ నానుతుంది (మ్యాష్ అంటే ఇదే), దాని అడుగున జల్లెడ ఉంటుంది, నానాక మీంచి వేడినీళ్లు పోసి గింజకి పట్టిన తీపిని కడిగి దింపుతారు, మూడోదాన్లో మరిగిస్తారు. గొట్టాలు, పంపులు, కడగడానికే సగం రోజు. 2000ల దశకంలో ఆస్ట్రేలియాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు ఇదంతా ఒక పాత్రలోకి తెచ్చారు. నీళ్లన్నీ ఒకేసారి పోసెయ్, పాత్రంత సంచి వెయ్, అందులో గింజ పోయ్, నానాక సంచి పైకి లాగెయ్, అదే పాత్రలో మరిగించు. బ్రూ ఇన్ ఎ బ్యాగ్, పొట్టిగా బయాబ్. మొదట్లో పాతకాపులు ఎగతాళి చేశారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది చేతిలో సంచే ఉంది.

తక్కువ ఆల్కహాల్ బీరుకి ఇది ఇంకా బాగా కుదురుతుంది, దానికి కారణం గింజ తక్కువ పడటం. ఇవాళ లెక్క చూడండి. చివరికి పది లీటర్లు రావాలి, సాంద్రత (ఉత్త నీళ్లది 1.000 అనుకుంటే) 1.028 దగ్గర ఉండాలి. దానికి కిలో 300 గ్రాముల మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, సరిపోతుంది. మరిగితే ఆవిరయ్యేది, అడుగున మడ్డిగా పోయేది, గింజ పీల్చుకునేది అన్నీ కలుపుకుంటే పదమూడు లీటర్ల నీళ్లు. ఇరవై లీటర్ల గుండిగ చాలు, పెళ్లిళ్లకి వంటసామాను అద్దెకిచ్చే ఏ కొట్లోనైనా దొరుకుతుంది, స్టీలైనా పర్లేదు, అల్యూమినియమైనా పర్లేదు. అదే ఏడు శాతం బీరైతే గింజ ఎంతో పెరిగి, తడిసిన సంచి ఒక్కడు ఎత్తలేడు, నడుం పట్టేస్తుంది.

సంచి గుడ్డ గురించి అడుగుతారని తెలుసు. పూర్ణా మార్కెట్ వైపు బట్టల కొట్లలో కిటికీ తెరలకి పల్చటి పాలిస్టర్ నెట్ అమ్ముతారు, వోయిల్ అంటే ఇస్తారు. దోమతెర గుడ్డ వద్దు, కన్నాలు పెద్దవి, పిండంతా దిగిపోతుంది. నూలు మల్లుగుడ్డా వద్దు, జిగురు పట్టి మూసుకుపోతుంది, పైగా ఎంత ఉతికినా పులిసిన వాసన వదలదు. టైలర్‌కి గుండిగ కొలతిచ్చి, అంచుకి బొందు, అడుగున డబుల్ కుట్టు వేయించండి. ఒక జాగ్రత్త, పాలిస్టర్ గుండిగ అడుక్కి తగిలితే మంటకి కరిగిపోతుంది. అందుకే లోపల ఈ ఇడ్లీ రేకు బోర్లించాను, కనబడుతోందా?

ఇక గింజ. కిరాణా కొట్లో బార్లీ నీళ్ల కోసం అమ్మే బార్లీ పనికిరాదు. అది పొట్టు తీసి పాలిష్ పట్టిన గింజ, నానబెట్టినా మొలకెత్తదు. మనకి కావాల్సింది మొలకెత్తించి, మొలక ముదరకముందే ఆరబెట్టిన బార్లీ. ఇది మనకి కొత్తేం కాదు, రాగులు మొలకలు కట్టి ఆరబెట్టి మాల్ట్ పట్టించని ఇల్లు ఉత్తరాంధ్రలో ఎన్ని ఉంటాయి? మొలకెత్తేటప్పుడు గింజ తన పిండిపదార్థాన్ని తానే చక్కెరగా మార్చుకోవడానికి ఎంజైములు తయారు చేసుకుంటుంది. మనం ఆ ఎంజైముల్ని సగం దారిలో ఆపి, నీళ్లలో మళ్లీ పనిలోకి దింపుతున్నాం, అంతే. (ఒక గింజ పంటి కింద వేసుకుని) ఇలా కరకరలాడాలి. మన ఊళ్లో సముద్రపు గాలికి ప్యాకెట్ మూత సరిగ్గా పెట్టకపోతే వారంలో మెత్తబడి అటుకులు నమిలినట్టుంటుంది. మరలో పట్టిస్తే పిండి చేసేస్తాడు, దగ్గరుండి రవ్వగా పట్టించుకోవాలి. సంచి పద్ధతిలో కాస్త మెత్తగా ఉన్నా నడుస్తుంది, జల్లెడ పూడుకుపోయే బాధ లేదు కాబట్టి.

ఇప్పుడు థర్మామీటర్ చూడండి. ఇందాక నీళ్లు 74 డిగ్రీలకి రాగానే పొయ్యి కట్టేసి గింజ పోశాం. గది వేడిలో ఉన్న గింజ పడ్డాక 72 దగ్గర ఆగింది. మెల్‌బోర్న్ చలికాలంలో ఇదే పనికి నీళ్లు ఇంకో డిగ్రీ ఎక్కువ కాచాల్సొచ్చేది. ఈ 72లోనే అసలు కిటుకుంది.

గింజలో ముఖ్యంగా రెండు ఎంజైములు పనిచేస్తాయి. బీటా అమైలేజ్ పిండిపదార్థపు గొలుసు చివర్నుంచి రెండేసి లింకులు తుంచుతూ మాల్టోస్ చేస్తుంది, ఈస్ట్‌కి అది ఇష్టమైన తిండి, తిన్నదంతా ఆల్కహాల్ అవుతుంది. దానికి 60, 65 మధ్య హాయి, 70 దాటితే తొందరగా చచ్చిపోతుంది. ఆల్ఫా అమైలేజ్ గొలుసుని మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంపుతుంది, ముక్కలు పెద్దవిగా మిగులుతాయి, డెక్‌స్ట్రిన్లంటారు, ఈస్ట్ వాటిని ముట్టదు. ఆల్ఫా 75 దాకా తట్టుకుంటుంది. మామూలు బీరుకి 65, 66లో నానబెడతారు, ఇద్దరికీ పని దొరుకుతుంది. మనం 72లో పెట్టామంటే బీటాకి పని మొదలెట్టగానే సెలవిచ్చేసినట్టే. చక్కెర తక్కువ, డెక్‌స్ట్రిన్ ఎక్కువ, ఆల్కహాల్ తగ్గుతుంది కానీ నాలిక మీద చిక్కదనం ఉంటుంది. ఊరికే గింజ తగ్గించి 65లో చేసినవాడికి నీళ్ల బీరొస్తుంది, తక్కువ ఆల్కహాల్ బీరు బాగోదని ఊరంతా చెబుతాడు. థర్మామీటర్ మూడు డిగ్రీలు తప్పు చూపిస్తే బీరే మారిపోతుంది, కాబట్టి డబ్బులు పెట్టాల్సింది గుండిగ మీద కాదు, దీని మీద.

ప్రశ్న: పిండి అంతా మారిందో లేదో ఎలా తెలుస్తుందండీ?

మంచి ప్రశ్న తమ్ముడూ, ఇలా రా. ఈ తెల్ల పింగాణీ ప్లేటు పట్టుకో. ఒక చుక్క రసం వేశాను. చల్లారనివ్వు, వేడి మీద అయోడిన్ రంగు సరిగ్గా చూపించదు. ఇప్పుడు ల్యాబ్ అయోడిన్ ఒక చుక్క. పదిహేను నిమిషాల కిందట తీసిన చుక్క ఈ పక్కనే ఉంది, నల్లగా, అంచుల్లో నీలం. ఇది చూడు, అయోడిన్ రంగే మిగిలింది, పసుపు కలిసిన గోధుమరంగు. అంటే పిండిపదార్థం అయిపోయింది. ఆ చుక్కలు పారబోసేయ్, మళ్లీ గుండిగలో వెయ్యకు.

సంచి ఎత్తుదాం. ఒకరు ఇటు పట్టండి, నెమ్మదిగా. పెరుగు మూట కట్టి వేలాడదీసినట్టు ఈ కొక్కేనికి తగిలించి వదిలేస్తే దానంతటదే కారుతుంది. తొందరుంటే చేతికి మందం గ్లవ్స్ వేసుకుని పిండొచ్చు. పిండితే వగరు దిగుతుందని పాత పుస్తకాలు భయపెడతాయి, వగరు పిండడం వల్ల రాదు, నీళ్లు క్షారంగా ఉండి వేడి 77, 78 దాటితే వస్తుంది. పిండితే అర లీటరు కలిసొస్తుంది, ఇంత చిన్న బ్యాచ్‌లో అది ఒక సీసా. చూశారా, కారేటప్పుడు మొదట మబ్బుగా, ఇప్పుడు తేనెరంగులో తీగ సాగుతోంది.

నీళ్ల గురించి ఒక్క ముక్క. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది గింజలోని ఫీనాల్స్ అనే పదార్థాలతో కలిసి ఆసుపత్రి వాసనొస్తుంది. ముందురోజు మరిగించి చల్లార్చుకుంటే పోతుంది.

మరగడం మొదలయ్యాక హాప్స్. ఇవి చలిదేశపు తీగ పువ్వులు, మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ వైపు పండించారు. వీటిలోని ఆల్ఫా ఆమ్లాలు మరిగితేనే రూపం మారి చేదిస్తాయి. మామూలు బీరుకి వేసినంత వేస్తే మనది కషాయం అవుతుంది, ఎందుకంటే పల్చటి రసంలో చేదు ఇంకా బాగా దిగుతుంది, దాన్ని కప్పిపుచ్చే తీపి, ఆల్కహాల్ లేవు. కాబట్టి మొదట్లో చిటికెడు, మిగతాదంతా పొయ్యి కట్టే ముందు. వాసన నిలబడుతుంది. గింజలో వంద గ్రాముల ఓట్స్ కలిపితే నురగ కూడా నిలబడుతుంది. అరగంట మరగడం చాలు.

ఇక్కడి నుంచి మెల్‌బోర్న్ కథ.

చల్లార్చి, శుభ్రం చేసిన బకెట్లో పోసి, ఈస్ట్ వేస్తాం. ఏ ఈస్టైనా ఒకటే కాదు. విండ్సర్ అని ఒక ఇంగ్లిష్ రకం ఉంది, అది మాల్టోట్రయోస్ అనే చక్కెరని తినలేదు, అంచేత సగం పైచిలుకు తిని ఆగిపోతుంది. 1.028తో మొదలై 1.012, 1.013 దగ్గర నిలిచేది. తేడాని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం దాదాపుగా వస్తుంది, మనకి రెండు. ఇంకా తగ్గాలంటే ఎల్ఏ-01 లాంటివి ఉన్నాయి, అవి మాల్టోస్‌ని కూడా ముట్టవు, గ్లూకోజ్ లాంటి చిన్న చక్కెరలు తిని ఊరుకుంటాయి, అర శాతం దగ్గరే ఆపొచ్చు. కానీ మాల్టోస్ మిగిలిపోవడంతో తియ్యగా, బూస్ట్ కలిపినట్టు ఉంటుంది. నాకైతే రెండు శాతమే బీరులా అనిపించింది, అర శాతం మీద అభిప్రాయభేదాలున్నాయి, మా ఆవిడకి అదే నచ్చేది.

ఇప్పుడు సీరియస్‌గా వినండి. ఆల్కహాల్ ఎక్కువున్న బీరు తనని తాను కాపాడుకుంటుంది, మన బీరుకి ఆ శక్తి లేదు. మామూలు బీరు పులిసేటప్పుడు పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 కంటే కిందకి దిగిపోతుంది, రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు చాలావరకు అక్కడ పెరగలేవు. సగమే పులిసిన బీరు 4.6 పైనే ఉండిపోవచ్చు, అందులో తిండికి చక్కెర కూడా మిగిలే ఉంది. బొటులిజం అనే ప్రాణాంతక ఆహారవిషం తెచ్చే క్రిమి 4.6 కింద పెరగదు, బీరు ఆ గీత కిందే ఉండేట్టు చూసుకోవాలి. ఫుడ్ గ్రేడ్ లాక్టిక్ యాసిడ్ చుక్కలు వేసి, పీహెచ్ మీటరుతో చూసి 4.3కి తెచ్చేవాణ్ణి, తర్వాత ఫ్రిజ్‌లోనే ఉంచేవాణ్ణి. స్ట్రాంగ్ బీరు చేసేవాడు గిన్నె కడగడంలో బద్ధకించినా బతికిపోతాడు, మనకి ఆ వెసులుబాటు లేదు. తక్కువ ఆల్కహాల్ కదా పిల్లకాయల ఆట అనుకునేవాళ్లు ఇది చెయ్యకపోవడమే మంచిది.

రెండోది సీసాలు. గ్యాస్ రావడానికి సీసాలో లీటరుకి ఆరు గ్రాముల పంచదార వేస్తే అది కూడా పులిసి దాదాపు 0.4 శాతం ఆల్కహాల్ కలుపుతుంది, రెండు శాతం బీరులో అది చిన్నమొత్తం కాదు, లెక్కలో వేసుకోండి. అంతకంటే ప్రమాదం, ఈస్ట్ ముట్టని చక్కెర సీసాలో ఉండిపోయింది కదా, ఎక్కణ్ణుంచో ఇంకో ఈస్ట్ దూరి దాన్ని తినడం మొదలెడితే సీసా పేలుతుంది. గాజు ముక్కలు గోడలో దిగుతాయి. ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలైతే చేత్తో నొక్కి చూడొచ్చు, రాయిలా గట్టిపడితే వెంటనే ఫ్రిజ్‌లోకి.

ప్రశ్న: వైజాగ్ ఎండలకి ఇదంతా కుదురుతుందా, లైసెన్సు ఉందనే అనుకుందాం?

లైసెన్సు ఉన్నవాడికి చల్లటి గది కూడా ఉంటుంది లెండి. ఈ ఈస్ట్‌లకి 18 నుంచి 22 కావాలి. మన కుళాయి నీళ్లే 28, 30 ఉంటే వాటితో రసాన్ని అంతకంటే చల్లబరచలేం, ఐసు వెయ్యాల్సిందే. నార్వే పల్లెల్లో క్వైక్ అనే ఈస్ట్ రకాలు ఉన్నాయి, 35 డిగ్రీల్లోనూ చక్కగా పనిచేస్తాయి, మన ఊరికోసమే పుట్టాయా అనిపిస్తుంది, కానీ అవి తిండిపోతులు, ఆల్కహాల్ ఎక్కువ చేస్తాయి, గింజ నానబెట్టే మ్యాష్ వేడి ఇంకా పెంచి కట్టేయాలి. ఇంకోటి, సాంద్రత చూసే హైడ్రోమీటర్ని సాధారణంగా 20 డిగ్రీలకి లెక్కకట్టి ఉంటారు. ఇక్కడ 30లో చూస్తే రెండు మూడు పాయింట్లు, అంటే 0.002, 0.003 తక్కువ చూపిస్తుంది. మన 1.028లో మొత్తం ఇరవై ఎనిమిదే ఉన్నప్పుడు మూడంటే ఎంతో చూసుకోండి.

ప్రశ్న: మాస్టారూ, కల్తీ సారా తాగి కళ్లు పోయాయని పేపర్లో వస్తుంది కదా, ఇందులో ఆ భయం లేదా?

ఆ కళ్లు పోయేది మిథనాల్ వల్లమ్మా, ఫ్యాక్టరీల్లో వాడే మిథనాల్‌ని ఎవడో దుర్మార్గుడు కలపడం వల్ల. బార్లీ పులిస్తే అంత మిథనాల్ పుట్టదు. ఇందులో బట్టీ పెట్టడం, ఆవిరి దించడం ఏమీ లేదు. ఇక్కడ భయం ఇందాక చెప్పిన పీహెచ్, సీసా.

ప్రశ్న: మరి ఇప్పుడు ఈ గుండిగలోది తాగొచ్చా?

భేషుగ్గా. ఈస్ట్ పడలేదు కాబట్టి ఇది హాప్స్ వేసిన మాల్ట్ కషాయం, అంతే. ఐసు, నిమ్మకాయ, కావాలంటే సోడా. నిమ్మకాయ రుచికే కాదు, పీహెచ్ కిందకి దించడానికి కూడా. మిగిలింది ఇంటికి పట్టుకెళ్తే ఫ్రిజ్‌లో పెట్టి రేపు సాయంత్రంలోపు అవగొట్టండి, బయట పెడితే గాల్లో ఉన్న ఈస్ట్ వచ్చి పడుతుంది, అప్పుడు మీరూ మీ ఎక్సైజ్ వాళ్లూ చూసుకోండి. (నవ్వులు)

ప్రశ్న: ఈ పిప్పి ఏం చేస్తారు?

మా అపార్టుమెంటు వెనకాల గేదెలున్నాయన పట్టుకెళ్తానన్నాడు. సంచి పద్ధతిలో హాప్స్ గింజ తీశాకే వేస్తాం కాబట్టి పిప్పిలో అవి కలవవు, దాణాలో కలిపి పెట్టొచ్చు. ఈ ఉక్కలో రేపటికే పులిసి ఈగలు ముసురుతాయి, అందుకే ఇవాళే రమ్మన్నాను. గుండిగ అడుగున మిగిలే హాప్స్ మడ్డి మాత్రం వీధిలో పారబోయకండి, కుక్కలు తింటే ఒంట్లో వేడి విపరీతంగా పెరిగి చచ్చిపోవచ్చు, కాగితంలో చుట్టి చెత్త బండిలో వేసేయండి. ఆ గ్లాసులు ఇటు అందించండమ్మా.